లిఫ్టు మామ్మను తీసేశాం

నాకు వెన్నెముక ఉందని ఎక్స్‌రేలో వచ్చింది. మా ఆవిడ మాత్రం ఆ ఎక్స్‌రే వేరే ఎవరిదో అయ్యుంటుందని ఇప్పటికీ అంటుంది. ఆవిడ అనుమానం నిజమేనని ఊరందరికీ తెలిసేలా చేసింది ఒక వీడియో గేమ్. ఆ గేమ్ తయారుచేసింది కూడా మేమే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

నా పేరు చిదంబరం. కాకినాడ సినిమా రోడ్డులో ఒక జెరాక్స్ షాపు మీద, రెండు గదుల్లో మాకో కంపెనీ ఉంది. కంపెనీ అంటే ముగ్గురం. గవర్రాజు ప్రోగ్రాం రాస్తాడు. తబిత బొమ్మలు వేస్తుంది. నేను మేనేజింగ్ డైరెక్టర్ని. అంటే వాళ్ళిద్దరూ పనిచేస్తుంటే వెనక నిలబడి టీ తాగుతాను, బయటివాళ్ళతో మాట్లాడవలసి వస్తే వెళ్ళి మాట్లాడి వస్తాను. పెద్దవాళ్ళతో మాట్లాడటం ఒక కళ అనీ, అది నాకు పుట్టుకతోనే వచ్చిందనీ నా నమ్మకం. అంతవరకూ మేము బడిపిల్లలకి ఎక్కాలు నేర్పే గేములే చేశాం. వాటిని చూసి ఇప్పటిదాకా ఏ పిల్లాడూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు ఏడ్చారని విన్నాం.

అలాంటి మాకు ఉల్లాస వికాస మండలి నుంచి పిలుపొచ్చింది. ప్రజలు తగినంతగా నవ్వడం లేదని పైన ఎవరికో తోచిందట. తోచడమే తడవు మండలి పుట్టింది, మండలికి భవనం పుట్టింది, భవనానికి సంచాలకులు వచ్చారు. ప్రజలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నారు. ఇలా లాభం లేదని హాస్య వారోత్సవాలు పెట్టారు. ప్రారంభానికి మంత్రిగారు వస్తున్నారు. ఆయన చేతుల మీదుగా ఒక హాస్య వీడియో గేమ్ విడుదల కావాలి. వారోత్సవాలు చూస్తే నెత్తిమీదికొచ్చేశాయి. ఆ టైములో చేసిపెట్టమంటే పెద్ద కంపెనీలు దండం పెట్టి వెళ్ళిపోయాయట. నన్నడిగారు.

"తప్పకుండా సార్," అన్నాను.

మెట్లు దిగుతుండగా గుర్తొచ్చింది, మాకు హాస్యం రాదని.

నా అదృష్టం కొద్దీ తబితకి ఒక నాయనమ్మ ఉంది. పేరు మరియమ్మ, ఉండేది జగన్నాథపురం. ఒకప్పుడు చేపలమ్మేది. అమ్మడం మానేసింది గానీ తిరగడం మానలేదు. ఆటో ఎక్కదు. వంతెన మొదట్లో నిలబడి చెయ్యి చాపుతుంది, ఏదో ఒక బండి ఆగుతుంది. ఆగకపోతే ఆ బండివాడి పుట్టుపూర్వోత్తరాలు వంతెన అవతల దాకా వినిపిస్తాయి, కాబట్టి ఆగుతుంది. వెనకెక్కి కూర్చున్నాక ఇక బండి ఆవిడదే. ఇటు తిప్పు, అటు తిప్పు, ఆ పచ్చమేడ దగ్గర ఆపు మా మరదల్ని పలకరించాలి, ఒరే చచ్చినోడా ఆ గోతిలోంచే పోనివ్వాలా, అంటూ నడిపిస్తుంది. భానుగుడి దగ్గర ఆఫీసుకి బయలుదేరినవాడు ఊరవతల ఏ తూరంగిలోనో తేలతాడు. దిగేటప్పుడు మాత్రం నీవల్లే నాకు ఆలస్యమైందని వాణ్ణే తిట్టి దిగుతుంది.

తబిత ఈ సంగతులు చెబుతూ కాగితం మీద నాలుగు గీతలు గీసింది. ముడి, ముక్కుపుడక, బుట్ట, చాపిన చెయ్యి. అంతే, ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది. గవర్రాజు మామూలుగా నవ్వడు. వాళ్ళ నాన్న రోజూ ఫోన్ చేసి, ఆ బొమ్మలాటలు చాలు, వచ్చి టైల్స్ షాపులో కూర్చోమంటుంటాడు, అందుకని. ఆ గవర్రాజు ముక్కులోంచి టీ వచ్చేలా నవ్వాడు. గేమ్ పేరు అక్కడికక్కడే పెట్టేశాం: లిఫ్టు మామ్మ. ఆడేవాడు మోపెడ్ నడపాలి. వెనక మామ్మ ఉంటుంది. ఆఫీసుకి టైముకి చేరాలి. చేరలేడు.

నేను స్వయంగా జగన్నాథపురం వెళ్ళి మరియమ్మగారికి చెప్పాను, మిమ్మల్ని గేములో పెడుతున్నాం అని. నన్ను చూసి నవ్వుతారా అని అడిగింది. భయపడుతూ ఔనన్నాను. కడుపుబ్బా నవ్వాలి మరి, సగం సగం నవ్వేలా చేస్తే నేనొప్పుకోను, అంది. నా చేత ఒట్టు వేయించుకుంది. సాయంత్రానికల్లా ఆ వీధి వీధంతా తెలిసిపోయింది, మరియమ్మ టీవీలోకొస్తోందని. వీడియో గేమ్ అంటే ఏమిటో ఆవిడకి అక్కర్లేదు. మంత్రిగారొచ్చే రోజుకి ఏ చీర కట్టుకోవాలన్నదే అక్కర.

తబిత నాతో ఒకే ఒక్క మాటంది. హైదరాబాదులో పేకాట గేములు చేసే కంపెనీ ఒకటి తనని రమ్మంటోంది, రోజంతా రాజునీ రాణినీ గీయడమే పని, తనకది ఇష్టం లేదు. "నానమ్మని ఎవరూ ముట్టుకోకుండా చూడండి చాలు. నేనెక్కడికీ పోను."

"తప్పకుండా," అన్నాను. అది నేను మనస్ఫూర్తిగా అన్న మాట.

ఇక్కడ మా వృత్తిలో ఒక అలవాటు చెప్పాలి. గేమ్ తయారవుతున్నప్పుడు అన్నీ ఒకేసారి సిద్ధంగా ఉండవు. బొమ్మ లేకపోతే దాని చోట ఏదో ఒకటి పెడతాం. గొంతు లేకపోతే ఏదో ఒక గొంతు పెడతాం. దాన్ని డమ్మీ అంటాం. అసలు సరుకు రాగానే డమ్మీ తీసేస్తాం. మామ్మ బొమ్మ ముందే అయిపోయింది గానీ మోపెడ్ నడిపేవాడి బొమ్మ వెయ్యడానికి తబితకి టైము లేక, గవర్రాజు నా పాస్‌పోర్టు ఫొటోలోని మొహాన్ని ఒక మొండేనికి అతికించాడు. గొంతులు రికార్డు చెయ్యడానికీ టైము లేదు. మండలిలో మీటింగు అయినప్పుడల్లా, ఏయే మార్పులు చెప్పారో మర్చిపోకుండా నేను ఫోన్లో రికార్డు చేసి తెచ్చేవాణ్ణి. గవర్రాజు ఆ రికార్డింగులనే ముక్కలు చేసి పెట్టేశాడు. దారి చెప్పే మామ్మ గొంతుకి మండలి పెద్దల గొంతులు, బదులు చెప్పే మోపెడ్ మనిషికి నా గొంతు. మీటింగు జరిగినకొద్దీ కొత్త ముక్కలు చేరేవి. తర్వాత తీసేద్దాంలెండి అన్నాడు. నేను సరేనన్నాను. మా కంపెనీలో నేను సరే అనని విషయం ఏదైనా ఉందేమో వెతకాలి.

మొదటి మీటింగుకి గేము పట్టుకుని వెళ్ళాను. సంచాలకులు ఉమాపతిరావుగారు మెత్తని మనిషి. ఆయన ఎవరినీ ఏమీ కాదనరు. ఆయన పక్కన దమయంతీదేవిగారు, మనోభావాల పరిశీలనాధికారిణి. ఎవరి మనోభావాలు ఎక్కడ దెబ్బతింటాయో ముందుగానే కనిపెట్టడం ఆవిడ ఉద్యోగం. పక్కగదిలో ఇంకో శాఖవాళ్ళ సమావేశం ఉందని సౌండు తీసేయమన్నారు. హాస్యానికి సౌండు అత్యవసరాంశము కాదని ఉమాపతిరావుగారు అభిప్రాయపడ్డారు. తర్వాత ప్రతి మీటింగులోనూ పక్కగదిలో ఎవరో ఒకరి సమావేశం ఉంటూనే వచ్చింది. కాబట్టి మండలివారు ఆ గేముని చివరిదాకా చూడటమే గాని వినలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

తెర మీద మామ్మ బుట్టలోంచి చేపనీళ్ళు ఒక పెద్దమనిషి తెల్లచొక్కా మీద పడ్డాయి. ఇద్దరి మొహాల్లోనూ ఏ మార్పూ లేదు. నవ్వొచ్చిందేమో నాకు తెలీదు. ఉమాపతిరావుగారు నవ్వితే తప్ప ఆ భవనంలో ఎవరూ నవ్వరు, పైనుంచి ఎవరైనా వచ్చి నవ్వితే తప్ప ఆయన నవ్వరు.

"ఈ చేపల బుట్ట విషయమై మండలికి ఎట్టి అభ్యంతరమూ లేదు," అన్నారాయన. "అయితే చేపలు భుజించని పౌరుల దృష్ట్యా కొంచెం ఆలోచించవచ్చునేమో."

"తప్పకుండా సార్. తీసేస్తాం."

చేపలు తీసేశాం. రెండో మీటింగులో ఖాళీ బుట్ట కనిపించింది. ఖాళీ బుట్ట పేదరికాన్ని స్ఫురింపజేయునేమోనని దమయంతీదేవిగారికి సందేహం కలిగింది. సందేహమేనని ఆవిడ మరీమరీ చెప్పింది. నేను బుట్ట తీసేస్తామన్నాను.

తర్వాత హెల్మెట్ వచ్చింది. వెనక కూర్చున్న వృద్ధురాలు నెత్తిన ఏమీ లేకుండా ప్రయాణించుట ఒక సందేశముగా పరిణమించవచ్చునన్నారు. మామ్మకి హెల్మెట్ పెట్టాం. దాంతో ముడి పోయింది, ముక్కుపుడక పోయింది, నోరు కూడా కనిపించడం మానేసింది. తబిత చాలాసేపు తెర వైపు చూసి, ఈవిడెవరు అని అడిగింది. రోడ్డు భద్రత అన్నాను. ఆ తర్వాత, మోపెడ్ అనేది ఎంతైనా వేగముతో కూడిన వాహనం కదా అన్నారు. మోపెడ్ తీసేశాం. మనిషీ మామ్మా నడిచి వెళ్ళడం మొదలుపెట్టారు. లిఫ్టు మామ్మకి లిఫ్టు లేకుండా పోయింది. పేరు మాత్రం పోస్టర్లు అచ్చయిపోయాయని ఉంచారు.

తిట్ల పట్టీ ఒకటి తబిత వాళ్ళ నాయనమ్మ దగ్గర కూర్చుని రాసుకొచ్చింది. ఆవిడ తిడుతుంటే వీధిలోవాళ్ళు వచ్చి ఇంకొన్ని గుర్తుచేశారట. ఆ మాటలు తెర మీద అక్షరాల్లో వస్తాయి కాబట్టి దమయంతీదేవిగారి కళ్ళలో పడ్డాయి. చచ్చినోడా అన్నది మరణించినవారి కుటుంబసభ్యులను కలతపెట్టునేమోనంది. వెధవాయ్ అన్న మాట గురించి ఆవిడ ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకుంది, అంతే. నేను వెంటనే అర్థం చేసుకున్నాను. అర్థం చేసుకోవడంలో నన్ను మించినవాడు లేడు. మామ్మ ఇప్పుడు, ఆర్యా, దయచేసి ఎడమవైపునకు మరలగలరా, అంటోంది.

గోతుల దగ్గర నాకు కొంచెం బాధ కలిగిన మాట నిజం. గవర్రాజు ఆ గోతుల్ని ప్రాణం పెట్టి చేశాడు. పొద్దున్నే బండి వేసుకుని తిరిగి, ఊళ్ళో ఉన్నవి ఉన్నట్టుగా ఫొటోలు తీసుకుని, ఎక్కడివక్కడ పెట్టాడు. గోతులు ఎవరి శాఖ కిందికి వస్తాయని ఉమాపతిరావుగారు అడిగారు, ఊరికే, తెలుసుకుందామని. మర్నాటికి పూడ్చేశాం. నిజం రోడ్ల మీద కొన్నేళ్ళుగా కానిపని మా ఆఫీసులో ఒక పూటలో అయిపోయింది. ఇంటికెళ్ళేటప్పుడు గవర్రాజు బండి మామూలు గోతిలోనే పడింది.

ప్రభుత్వ గేములో పౌరుడు ఓడిపోవడం బాగుండదేమో అన్నారు. ఓటమి తీసేశాం. ఒకరు గెలిస్తే మిగతావారు చిన్నబుచ్చుకుంటారేమో అన్నారు. గెలుపు తీసేశాం. ఇప్పుడు గేములో ఇద్దరు మనుషులు నున్నటి రోడ్డు మీద, మాటమాటకీ నడుం వంచి ఒకరినొకరు గౌరవించుకుంటూ, ఎక్కడికో నడిచి వెళ్తారు. నేనూ సౌండు పెట్టకుండానే ఆడి చూశాను. నిద్రపట్టింది.

ఈ గొడవలోనే మరియమ్మగారు రోజూ ఫోన్ చేసేది. నేను బాగా వచ్చానా అబ్బాయ్ అని అడిగేది. అద్భుతంగా వచ్చారనేవాణ్ణి. బుట్ట కనిపిస్తోందా అనేది. కనిపిస్తోందనేవాణ్ణి. వీధిలోవాళ్ళందరం రెండు వ్యాన్లు మాట్లాడుకున్నాం, ముందు వరసలో కూర్చోపెట్టాలి సుమా, అనేది. తప్పకుండా మామ్మగారూ అనేవాణ్ణి. ఫోన్ పెట్టేసి తిరిగితే తబిత నా వైపే చూస్తూ ఉండేది. నాకు సిగ్గేసేది. సిగ్గేసినప్పుడల్లా కిందికెళ్ళి టీ తాగొచ్చేవాణ్ణి.

చివరి మీటింగు వచ్చింది. మామ్మ హెల్మెట్ పెట్టుకుని నడుచుకుంటూ వెళ్తోంది. ఎవరినీ ఏమీ అనడం లేదు. ఇక తీయడానికి ఆవిడలో ఏమీ మిగల్లేదని ధైర్యంగా ఉన్నాను. దమయంతీదేవిగారు గట్టిగా నిట్టూర్చింది. వయోవృద్ధులను చూచి నవ్వుట అనే అంశం తనని రెండురోజులుగా వేధిస్తోందట. నవ్వడానికి ఇప్పుడేమీ లేదు కదండీ అన్నాను. లేకపోయినా, నవ్వదలచినవారిని ఆపలేము కదా అంది. ఎవరిని చూసి నవ్వుతారో వారి నిరభ్యంతర పత్రం ఉండటం మండలికి సమ్మతమైన పద్ధతి అని ఉమాపతిరావుగారు సెలవిచ్చి, కుర్చీలో వెనక్కి వాలారు.

"వృద్ధురాలు లేకయే, వృద్ధురాలి స్ఫూర్తిని నిలుపవచ్చునేమో... ఇది కేవలం సూచన. మీరు ఆలోచించండి."

నేను ఆలోచించానా అంటే, ఆలోచించలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"తప్పకుండా సార్. తీసేస్తాం."

మరి మిగిలిన ఆ మనిషి ఎవరని దమయంతీదేవిగారు అడిగింది. నేనేనండి, డమ్మీగా పెట్టాం, అన్నాను. మీ మనోభావాలు దెబ్బతింటాయా అంది. నాకు అలాంటివేమీ లేవండి అన్నాను. అక్కడికక్కడే సంతకం పెట్టాను. ఇలా ఎంతో జాగ్రత్తగా చేసుకొచ్చిన గేములో అసలు సరుకంతా పోయి డమ్మీ ఒక్కటే మిగిలింది, అది నేను. గేములో ఎట్టి అపాయకరమైన హాస్యమూ లేదని మండలి ధ్రువీకరించి ముద్ర వేసింది. ముద్ర పడ్డాక, మామ్మని తీసెయ్యడం తప్ప, అందులో కామా కూడా మార్చకూడదని నియమం.

ఆఫీసుకొచ్చి చెప్పాను. తబిత మామ్మ బొమ్మ చెరిపేసింది. తను గీసినదాన్ని తనే చెరపాలి, మాలో ఇంకెవరికీ ఆ పని రాదు. తర్వాత బ్యాగు సర్దుకుంది. సోమవారం హైదరాబాదు వాళ్ళకి సరేనని చెప్పేస్తానంది. నానమ్మకి మాత్రం తను చెప్పలేదట, మీరే ఒట్టు వేశారు కాబట్టి మీరే చెప్పండి అంది. గవర్రాజు ఎప్పటిలాగే నా ఫోను తీసుకుని ఆ మీటింగు రికార్డింగు కూడా ఎక్కించుకుని, ఏదో డమ్మీ గురించి గొణిగాడు. ఇంకేమీ ముట్టుకోవద్దు, ముద్ర పడింది, అని కసిరాను. నేను గట్టిగా మాట్లాడగలిగేది గవర్రాజుతోనే.

ఆవిడకి చెబుదామని జగన్నాథపురం వెళ్ళాను. గుమ్మంలోనే ఎదురొచ్చి చీర చూపించింది. చిలకపచ్చది, పెద్ద అంచు. ఎవరి పెళ్ళికో కొని దాచుకున్నదట. ఇది బాగుంటుందా అబ్బాయ్ అని అడిగింది. బాగుంటుందని చెప్పి, ఆవిడ పెట్టిన కాజా తిని, వచ్చేశాను.

ప్రారంభోత్సవం రోజు హాలు నిండిపోయింది. ముందు వరస అధికారులకని కట్టిన తాడుని మరియమ్మగారు చేత్తో పైకెత్తి, కిందనుంచి దూరి, మధ్య కుర్చీలో కూర్చుంది. రెండు వ్యాన్ల జనం ఆవిడ వెనకే వచ్చారు. తబిత పక్కన కూర్చుని నేల చూస్తోంది. ఉమాపతిరావుగారు మండలి సాధించిన ప్రగతిని వివరించారు. నవ్వు ఒక మౌలిక సదుపాయమని, దానిని మారుమూల పౌరుని గడప వద్దకు చేర్చుట తమ ధ్యేయమని అన్నారు. మంత్రిగారు లేచి వేదిక మధ్యకొచ్చారు. ఆపరేటరు స్పీకర్లు పెట్టాడు. పెళ్ళిపందిట్లో పెట్టేంత పెద్దవి.

అప్పుడు గుర్తొచ్చింది. గవర్రాజు గొణిగింది దేని గురించో. మామ్మ బొమ్మని చెరిపాం గాని ఆవిడకి పెట్టిన గొంతుల్ని చెరపలేదు. గవర్రాజు వైపు చూశాను. ముద్ర పడింది కదండీ అన్నట్టు రెండు చేతులూ చాపాడు.

మంత్రిగారు మీట నొక్కారు. తెర మీద నున్నటి రోడ్డు, దాని మీద నా పాస్‌పోర్టు మొహం. నాలుగడుగులు వేశాను. ఎవరూ లేని ఆకాశంలోంచి ఉమాపతిరావుగారి గొంతు హాలంతా మారుమోగింది. చేపలు భుజించని పౌరుల దృష్ట్యా కొంచెం ఆలోచించవచ్చునేమో అంది. తెర మీది నేను నడుం వరకూ వంగాను. తప్పకుండా సార్, తీసేస్తాం, అన్నాను. మళ్ళీ నాలుగడుగులు. ఖాళీ బుట్ట గురించి దమయంతీదేవిగారి సందేహం. వంగాను. తప్పకుండా మేడమ్, తీసేస్తాం. గోతులు ఎవరి శాఖ కిందికి వస్తాయి? ఎవరూ అడగకుండానే వంగాను. తప్పకుండా సార్, పూడ్చేస్తాం.

మంత్రిగారు నవ్వకుండా ఎవరూ నవ్వరు. మంత్రిగారు నవ్వాలో వద్దో తెలియక మీట నొక్కుతూనే ఉన్నారు. నేను వంగుతూనే ఉన్నాను. ఇంట్లో మా ఆవిడకి ఎవరు చెబుతారా అన్న ఆలోచన కూడా వచ్చింది.

ముందు వరసలోంచి ఒక నవ్వు వచ్చింది. మరియమ్మగారికి పద్ధతులు తెలియవు. చిలకపచ్చ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని, పక్కవాళ్ళ మీద పడిపోతూ నవ్వుతోంది. ఇగో ఈ అబ్బాయే, మా ఇంటికొచ్చి కూడా ఇదే మాటంటాడు, అని అందరికీ చూపిస్తోంది. రెండు వ్యాన్ల జనం అందుకున్నారు. మంత్రిగారికి ధైర్యం వచ్చింది, ఆయనా నవ్వారు. అంతే, ఆనకట్ట తెగినట్టు అధికారులందరూ నవ్వారు. దమయంతీదేవిగారికి కళ్ళనీళ్ళు వచ్చేశాయి. పుట్టి బుద్ధెరిగాక ఒక గది నిండా మనుషులు నన్ను చూసి నవ్వడం అదే మొదటిసారి. నిజం చెప్పొద్దూ, చచ్చిపోవాలనిపించింది, కొంచెం గర్వంగానూ అనిపించింది.

అప్పుడు స్పీకర్లోంచి చివరి ముక్క వచ్చింది. వృద్ధురాలు లేకయే వృద్ధురాలి స్ఫూర్తిని నిలుపవచ్చునేమో, ఇది కేవలం సూచన. తప్పకుండా సార్. తీసేస్తాం.

మరియమ్మగారి నవ్వు ఆగింది. ఆవిడ ఆగడంతో వ్యాన్ల జనం ఆగారు. కుర్చీలోంచి లేచి, తెర మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. ఖాళీ రోడ్డు. నేను.

"అయితే నేనెక్కడున్నానబ్బాయ్?"

హాలంతా నా వైపు తిరిగింది. తీసేశాం మామ్మగారూ అన్నాను. గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను.

"ఎవరు తియ్యమన్నారు?"

నేను ఉమాపతిరావుగారి వైపు చూశాను. ఆయన నొచ్చుకున్న మొహంతో లేచారు. మండలి ఏనాడూ ఏదీ తొలగించమని ఆదేశించలేదన్నారు. ఆలోచించమన్నాం, పరిశీలించమన్నాం, ఆవిడే వచ్చి నిరభ్యంతరమని సంతకం పెట్టి ఉంటే సంతోషంగా ఉంచేవాళ్ళం, అన్నారు. అబద్ధం ఆడుతున్నారేమోనని నా ఫోన్లోని రికార్డింగులన్నీ మనసులో తిరగేసుకున్నాను. ఎక్కడా తీసెయ్యమని లేదు. ఒక్కచోట కూడా. తీసేస్తాం అన్న మాట ఉన్నదల్లా నా గొంతులోనే. ఆవిణ్ణి అడిగితే రెండు చేతులా సంతకం పెట్టేది. వాళ్ళింటికెళ్ళి కాజా తిన్నవాణ్ణి, ఆ ముక్క అడగలేదు.

"ఎవరూ తియ్యమనలేదు మామ్మగారూ," అన్నాను. "నేనే తీసేశాను."

ఎంతో గొప్పగా తిట్టగల మనిషి, చీర సర్దుకుని కూర్చుంది. తబిత ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ రోజు నాకు తగిలిన దెబ్బ అది. అంతకుముందు జరిగిందంతా వేడుకే.

మంత్రిగారు జనంలోంచి పైకొచ్చిన మనిషి. రెండు వ్యాన్ల జనం మౌనంగా కూర్చోవడం ఆయనకి నచ్చలేదు. ఉమాపతిరావుగారి వైపు తిరిగి, ఆ పెద్దావిణ్ణి మళ్ళీ పెట్టిస్తే బాగుంటుందేమో ఆలోచించండి అన్నారు.

"తప్పకుండా సార్," అన్నారు ఉమాపతిరావుగారు, నడుం వరకూ వంగి. "పెట్టేస్తాం."

అచ్చం నా గొంతే. వంగడం కూడా అచ్చం నాలాగే. ఈసారి హాలు ఎవరికోసమూ ఆగలేదు. మరియమ్మగారు కూడా ఆగలేకపోయింది. సంచాలకులవారు మాత్రం అందరూ దేనికి నవ్వుతున్నారో అర్థంకాక, మండలి ధ్యేయం నెరవేరిందని చేతులు జోడించారు.

సభ అయ్యాక తబితని అడిగాను, సోమవారం ఏం చేస్తావని. మామ్మని మళ్ళీ గీస్తానంది, బుట్టతో సహా, చేపలతో సహా. అయితే ఇకనుంచి మీటింగులకి గవర్రాజు వెళ్ళాలి, మీరు వెళ్ళకూడదు, అంది. గవర్రాజు ఎవరేమన్నా, చూద్దాం లెండి, అనడం తప్ప ఇంకో మాట ఎరగడు. ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం నాకు కొత్తేమీ కాదు.

బయట వ్యాన్లు రెండూ నిండిపోయాయి. మరియమ్మగారు వాటికేసి చూడకుండా తిన్నగా నా బండి దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. ఆపాను. ఎక్కి కూర్చుంది. ఇటు తిప్పమంది, తిప్పాను. కాజాల కొట్టు దగ్గర ఆపమంది, ఆపాను. వాళ్ళతో వీళ్ళతో మాట్లాడి వచ్చింది. నాతో మాత్రం మాట్లాడలేదు. మెయిన్ రోడ్డు దగ్గరకొచ్చాక, చుట్టూ తిరిగి పోవడం దేనికి, ఎదురుగా అడ్డం పడి పోనీ, ఎవడడుగుతాడు, అంది. ఎదురుగా లారీలు వస్తున్నాయి.

"అది వన్ వే మామ్మగారూ," అన్నాను. "కుదరదు."

నా నోట్లోంచి ఆ మాట రావడం విని నేనే ఉలిక్కిపడి బ్రేకు వేశాను.

"ఒరే చచ్చినోడా," అంది మరియమ్మగారు. ఆ మాట కోసం నా ప్రాణం ఎంత కొట్టుకుపోతోందో అప్పుడు తెలిసింది. "ఆ ముక్కేదో అక్కడ అని చావకపోయావా? ఇక మీదటైనా అంటావా?"

"తప్పకుండా మామ్మగారూ," అన్నాను.

వీపు మీద ఒకటి పడింది. ఎముకకే తగిలింది.